నాగార్జునకొండకు వెళ్ళి వచ్చాము, విజయపురి మాత్రం ఎక్కడా కనిపించలేదు

ఆదివారం_ప్రయాణికుడు
పోయిన ఆదివారం కుటుంబంతో కలిసి హైదరాబాదు నుంచి నాగార్జునకొండకు వెళ్ళి వచ్చాము. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని, దక్షిణాదిన ఒకప్పుడు పేరుమోసిన బౌద్ధనగరాన్ని చూపిస్తానని పిల్లలను వారం రోజులుగా ఊరించాను. తెల్లవారకముందే బయలుదేరి, లాంచీలో జనం నిండేదాకా గట్టున గంటన్నర ఎండలో కూర్చుని, ముప్పావు గంట నీటి మీద ప్రయాణించి దీవిలో దిగితే అక్కడ ఉన్నవి ఒక తోట, ఒక మ్యూజియం, మోకాలి ఎత్తున పేర్చిన కొన్ని ఇటుక చక్రాలు. తిరుగు లాంచీ వేళ దగ్గర పడిందని సిబ్బంది తొందర పెట్టడంతో మ్యూజియంలో సగం గది కూడా సరిగ్గా చూడలేదు. మా అబ్బాయి దారి పొడవునా "నాన్నా, ఊరేది?" అని అడుగుతూనే ఉన్నాడు, నా దగ్గర సమాధానం లేదు. ఆ ఇటుకలు అసలువా, ఈమధ్య పేర్చినవా? రాజధాని అనదగినది అక్కడ నిజంగా ఏమైనా మిగిలి ఉందా? చూడవలసినదాన్ని చూడకుండా వచ్చానా, లేక చూడవలసినదే లేదా?

నీటిగీత
మీ అబ్బాయి సరైన ప్రశ్నే వేశాడు. ఊరు మీ లాంచీ కింద ఉంది.

శాసనప్రియ
నీటిగీత గారు ఒక్క వాక్యంలో చెప్పినదానికి కాస్త వివరణ కావాలి. మీరు దిగినది ఊరు కాదు, ఊరి పక్కన ఉన్న కొండ శిఖరం. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ ఉన్న ఒక లోయలో విజయపురి ఉండేది. సాగర్ ఆనకట్ట కట్టాక లోయ మొత్తం మునిగిపోయి, కొండ తల మాత్రం దీవిగా మిగిలింది. రాజు కోట నది కుడి ఒడ్డున సుమారు 900 మీటర్ల పొడవు, 600 మీటర్ల వెడల్పున కందకంతో సహా ఉండేది. అది ఇప్పుడు పూర్తిగా జలాశయం అడుగున ఉంది.

ఊరు ఎక్కడుందో ఒక శాసనమే చెబుతుంది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో "శ్రీపర్వతం మీద, విజయపురికి తూర్పు దిక్కున, చుళధమ్మగిరి విహారంలో" అనే అర్థం వచ్చే మాటలున్నాయి. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఒక గృహిణి రాయించిన చిరునామా అది. నగరం మునిగినా ఆ దిక్కు మాత్రం రాతి మీద మిగిలింది. మీ అబ్బాయికి ఈ మాట చెప్పండి.

ఇటుకల విషయంలో రెండు రకాలూ ఉన్నాయి. ముంపుకు ముందు ముఖ్యమైన కట్టడాలు తొమ్మిదింటిని విప్పి తెచ్చి ఎత్తైన చోట మళ్ళీ కట్టారు, మరో పద్నాలుగింటికి నమూనాలు చేసి పెట్టారు. రెండూ పక్కపక్కనే ఉండడం వల్ల బోర్డు చదవకుండా నడిచేవారికి తేడా తెలియదు.

ఇటుకలబట్టీ
నాకు తెలిసిన ఒక్క విషయం చెబుతాను. మా బట్టీలో కాల్చే ఇటుక తొమ్మిది అంగుళాలు. నాగార్జునకొండలో మహాచైత్యం అనే పెద్ద స్తూపం ఇటుక 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. అంత పెద్ద పచ్చి ఇటుక వంకర పోకుండా ఆరాలన్నా, లోపలిదాకా సమంగా కాలాలన్నా మట్టి ఎంత బాగా తొక్కి ఉండాలో, పొట్టు ఎంత కలిపి ఉండాలో నేను ఊహించగలను. మా పనివాళ్ళతో ఒకసారి పందెం కట్టి ఆ కొలతలో పన్నెండు ఇటుకలు పోయించాను, ఏడు పగిలాయి, మూడు వంగాయి, రెండు మిగిలాయి. ఆ రెండూ ఇప్పుడు మా ఇంటి ముందు చెప్పులు విడిచే మెట్టు.

పులిహోర_డబ్బా
ఇక్ష్వాకుల సంప్రదాయాన్ని చెప్పుల మెట్టుగానైనా నిలబెట్టినందుకు మీకు అభినందనలు. ఇక ప్రశ్న అడిగినవారికి నాదొక హెచ్చరిక: దీవి మీద కోతులున్నాయి, వాటికి చరిత్ర మీద ఆసక్తి లేదు, డబ్బా మీద ఉంది.

శాసనప్రియ
ఇటుకలబట్టీ గారు, చక్రం ఆకారానికి కూడా మీ వృత్తితో సంబంధం ఉంది. మహాచైత్యం అడుగు వ్యాసం 106 అడుగులు. అంత గుండ్రటి దిమ్మెను మొత్తం ఇటుకతో నింపాలంటే ఎన్ని బట్టీలైనా చాలవు. అందుకే బండిచక్రంలా నడుమ కుంభి, ఆకులు, చుట్టూ పట్టా ఉండేటట్లు గోడలు లేపి, మధ్య గదులను మట్టితో నింపారు. ఇటుక ఆదా అయ్యింది, బరువు అన్ని వైపులకూ సమంగా పంచుకుంది, పైగా అది ధర్మచక్రం కూడా. కొన్ని చిన్న స్తూపాల గర్భంలో ఆకులకు బదులు స్వస్తిక ఆకారంలో గోడలు దొరికాయి. కట్టిన కాలంలో ఈ చక్రం ఎవరికీ కనిపించేది కాదు, పైన అండం, అంటే గుండ్రటి గుమ్మటం, మూసి ఉండేది. ప్రయాణికుడు గారు చూసిన "ఇటుక చక్రాలు" నిజానికి స్తూపం ఎముకలగూడు.

ఆదివారం_ప్రయాణికుడు
ఇది ఎవరైనా అక్కడే చెప్పి ఉంటే బాగుండేది. నేను వాటిని ఎండిపోయిన నీటితొట్లు అనుకుని పిల్లలను వాటి మీద నడవనిచ్చాను, చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

లెక్కల_మాస్టారు
సిగ్గుపడకండి, ఏటా మా పాఠశాల విహారయాత్రలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇదే భ్రమ కలుగుతుంది. వారి కోసం నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరైనా సరే ముందు అనుపుకు వెళ్ళాలి, దీవికి ఆ తర్వాతే వెళ్ళాలి. అనుపు కుడి గట్టునే, ఇప్పటి ఊరు విజయపురి సౌత్‌కు దగ్గరలో ఉంది. దానికి లాంచీ అవసరం లేదు, ఆటోలో వెళ్ళవచ్చు. లోయ నుంచి తరలించిన రంగస్థలం, విహారం, హారీతి అనే దేవత గుడి అక్కడ ఉన్నాయి. రంగస్థలం నడుమ దీర్ఘచతురస్రపు నేల, నాలుగు వైపులా పైకి లేచే రాతి మెట్లు, వాన నీరు పోవడానికి కాలువ. సుమారు వెయ్యి మంది కూర్చోవచ్చని చెబుతారు. ఇక్కడ కూర్చున్న పిల్లవాడికి ఊరు అంటే ఏమిటో ఒక్క నిమిషంలో తెలుస్తుంది, ఎందుకంటే స్తూపం సన్యాసులది కావచ్చు గాని ఈ మెట్లు ఊరి జనానివి.

నేను ఒక విద్యార్థిని నడుమ నిలబెట్టి, గొంతు పెంచకుండా పోతన పద్యం చదవమంటాను, మిగిలినవారిని పై మెట్టు మీద కూర్చోబెడతాను. ప్రతి అక్షరం వినిపిస్తుంది. ఒక ఏడాది ఒక పిల్లవాడు పద్యం మరచిపోయి పక్కవాడిని మెల్లగా అడిగాడు, అదీ అందరికీ వినిపించింది.

కుడికాలువ
మాస్టారు చెప్పినది నిజమే. అయితే అనుపులో ఉన్నదాన్ని ప్రాచీన విశ్వవిద్యాలయం అని మా వైపు అందరూ అంటారు, ఆచార్య నాగార్జునుడు అక్కడే పాఠం చెప్పాడని కూడా చెబుతారు. దాని గురించి ఎవరూ రాయలేదేమి?

శాసనప్రియ
రాయకపోవడానికి కారణం ఉంది. లోయలో దొరికిన శాసనాల్లో విహారం, చైత్యగృహం, మండపం అనే మాటలున్నాయి గాని విశ్వవిద్యాలయం అనే మాట లేదు. ఆచార్య నాగార్జునుడి పేరు కూడా వాటిలో లేదు. ఆయన చివరి కాలం శ్రీపర్వతం మీద గడిచిందని టిబెట్టు సంప్రదాయం చెబుతుంది, ఈ కొండకు పాత పేరు శ్రీపర్వతమని శాసనం చెబుతుంది, ఈ రెండింటినీ కలిపి మనం కొండకు ఆయన పేరు తగిలించుకున్నాము. అది అసంభవమని నేను అనను, కాని రాతి మీద ఉన్నదానికీ నోట ఉన్నదానికీ మధ్య గీత గీయాలి.

కుడికాలువ
నోటిమాటను అంత తేలికగా తీసివేయకండి. వెయ్యేళ్ళకు పైగా ఒక పేరు కొండను అంటిపెట్టుకుని ఉండడం ఊరికే జరగదు.

శాసనప్రియ
వెయ్యేళ్ళుగా అంటిపెట్టుకుని ఉందని చెప్పే ఆధారం కూడా చూపిస్తే నేను సంతోషంగా ఒప్పుకుంటాను.

నీటిగీత
మీరిద్దరూ అనుపు మెట్ల మీద ఎదురెదురుగా కూర్చుని వాదించుకుంటే మాకందరికీ వినిపిస్తుంది.

కొలంబో_తెలుగు
ఉద్యోగరీత్యా ఎనిమిదేళ్ళుగా కొలంబోలో ఉంటున్నాను, అనురాధపురానికి చాలాసార్లు వెళ్ళాను. ప్రయాణికుడు గారి నిరాశ నాకు అర్థమయింది, ఎందుకంటే నేను దానికి వ్యతిరేక దిశలో నడిచాను. ముందు అనురాధపురం చూసి, ఆ తర్వాత సెలవుల్లో నాగార్జునకొండకు వచ్చాను. అక్కడ రువన్వెలిసాయ స్తూపం ఈనాటికీ తెల్లగా మెరుస్తూ పూజలందుకుంటోంది. జేతవన స్తూపం ఇటుక కొండలా ఆకాశాన్ని అడ్డుకుంటుంది, కట్టిన రోజుల్లో దాని ఎత్తు సుమారు 122 మీటర్లు. పున్నమి రోజున తెల్లబట్టలు కట్టుకున్న వేల మంది తామరపువ్వులతో శ్రీమహాబోధి చెట్టు దగ్గరికి నడుస్తారు. మనం కూడా చెప్పులు, టోపీ విడిచి వేడెక్కిన రాళ్ళ మీద గబగబా అడుగులు వేయాలి, మేజోళ్ళు తెచ్చుకున్నవారు తెలివైనవారు.

అయినా ఒక మాట చెప్పాలి. అక్కడ కూడా "ఊరు" కనిపించదు. పదమూడు వందల ఏళ్ళకు పైగా రాజధానిగా ఉన్న నగరంలో సామాన్యుడి ఇల్లు ఒక్కటీ కంటికి ఆనదు, రాజభవనం శిథిలం కూడా స్తూపాల పక్కన చాలా చిన్నది. మట్టితో, కర్రతో కట్టుకున్నవి పోయాయి, సంఘానికి కట్టినవి నిలిచాయి. అందుకని విజయపురిలో ఇళ్ళు కనిపించలేదని బాధపడితే ఆ బాధ అన్ని బౌద్ధ రాజధానులకూ పంచవలసి వస్తుంది.

ఇంకొక సంగతి: నాగార్జునకొండలో సింహళ విహారం బోర్డు ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. సింహళ భిక్షువులు ఇక్కడ ఒక విహారంలో ఉండేవారని, అక్కడ బోధిచెట్టుకు ప్రాసాదం కట్టించారని తెలిసినప్పుడు, నేను రోజూ బతికే దేశం ఒకప్పుడు ఇక్కడికి కాలినడకన వచ్చినట్లు అనిపించింది.

పులిహోర_డబ్బా
కాలినడకన లంక నుంచి రావడానికి ముందు ఒక వారధి కట్టించినవారు వేరే ఇక్ష్వాకులు.

కొలంబో_తెలుగు
ఒప్పుకుంటున్నాను, ఓడలోనే వచ్చారు. వర్ణనలో జారిపోయాను.

శాసనప్రియ
కొలంబో_తెలుగు గారు ఇళ్ళ గురించి చెప్పిన దాంట్లో ఒక సవరణ. విజయపురి కోట లోపల తవ్వినప్పుడు వీధులు, ఇళ్ళ పునాదులు బయటపడ్డాయి. బంగారం కరిగించే మూసలు, గీటురాయి దొరికిన ఒక కంసాలి ఇల్లు కూడా వాటిలో ఉంది. అంటే ఇక్కడ ఊరు కనిపించింది, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ తరఫున ఆర్. సుబ్రహ్మణ్యం గారి బృందం హడావుడిగా తవ్విన ఆ ఆరేళ్ళు మాత్రమే కనిపించింది. నూరుకు పైగా చోట్ల తవ్వారు. ఆ తర్వాత నీళ్ళు వచ్చాయి. మోయదగినవి మోసుకొచ్చారు, కంసాలి ఇంటిని ఎవరూ మోసుకురాలేదు.

ఓడల గురించి కూడా ఒక మాట. బోధిసిరి శాసనంలో తంబపణ్ణి (లంక) భిక్షువులు ప్రసన్నం చేసిన దేశాల జాబితా ఉంది: కాశ్మీరం, గాంధారం, చీనం, తోసలి, వంగం, వనవాసి, యవనం, దమిళం, ఇంకా కొన్ని. అదే శాసనంలో కంటకసేల పేరు కూడా వస్తుంది, అది ఇప్పటి ఘంటసాల అని పండితులు గుర్తించారు. సముద్రం మీద వచ్చినవారు ముందు ఎక్కడ దిగేవారో దానివల్ల ఊహించవచ్చు.

ఘంటసాల_వాసి
మా ఊరి పేరు రాగానే రాయకుండా ఉండలేకపోయాను. మా దగ్గర కూడా స్తూపం దిబ్బ ఉంది, మ్యూజియం ఉంది, లాంచీ కోసం కూర్చోనవసరం లేదు.

ఇంటిపేరు_అడగొద్దు
నాకు ఒక సందేహం. దీన్ని "బౌద్ధ రాజధాని" అనడం న్యాయమేనా? మొదటి రాజు చాంతమూలుడు అశ్వమేధం చేశాడని మ్యూజియంలో చదివాను, ఆ యాగశాల ఆకారం కూడా చూశాను. అశ్వమేధం చేసిన రాజు ఊరు బౌద్ధనగరం ఎలా అవుతుంది?

శాసనప్రియ
ఈ చర్చలో అన్నింటికన్నా మంచి ప్రశ్న ఇదే. చాంతమూలుడు వైదిక యాగాలు చేశాడు. మహాచైత్యానికి ఆయక స్తంభాలు (నాలుగు దిక్కులా నిలిపే రాతి స్తంభాలు) నిలిపించినది ఆయన సోదరి చాంతిసిరి. ఆమె మేనల్లుడు వీరపురుషదత్తుడి పాలనలో ఆరో సంవత్సరంలో ఆ పని జరిగింది. వీరపురుషదత్తుడి రాణి భట్టిదేవ బౌద్ధంలో బహుశ్రుతీయ శాఖ వారికి విహారం కట్టించింది. వారి కొడుకు ఏహువల చాంతమూలుడి సోదరి, వనవాసి రాజును పెళ్ళాడిన కొడబలిసిరి, మహీశాసక శాఖ వారికి మరొక విహారం ఇచ్చింది. ఆ లోయలో ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు తవ్వకాల్లో తేలితే, వాటిలో పెద్ద పెద్ద దానాల కింద కనిపించేవి ఎక్కువగా స్త్రీల పేర్లే. అదే లోయలో అష్టభుజస్వామికి, పుష్పభద్రస్వామికి, సర్వదేవుడికి గుళ్ళు కూడా ఉండేవి. రాజు ఆస్థానం వైదికం, అంతఃపురం బౌద్ధం, ఊరు రెండింటిదీ. మూడో శతాబ్దం తొలిపాదం నుంచి సుమారు నూరేళ్ళు ఈ అమరిక నడిచింది. "బౌద్ధ రాజధాని" అనే మాట నా దృష్టిలో సగం నిజం, మిగతా సగం పర్యాటక బోర్డుల అలవాటు.

ఇంటిపేరు_అడగొద్దు
అయితే మా ఇంటి పద్ధతే. నేను శబరిమలకు వెళతాను, మా ఆవిడ శిరిడీకి వెళుతుంది, ఖర్చు మాత్రం ఒకే ఖజానా నుంచి.

లెక్కల_మాస్టారు
శాసనప్రియ గారు "సగం నిజం" అనడం నాకు నచ్చలేదు. ఊరిని పిలవవలసినది రాజు ఏ హోమం చేశాడన్నదాన్ని బట్టి కాదు, ఊళ్ళోకి ఎవరు ఎందుకు వచ్చేవారన్నదాన్ని బట్టి. లంక నుంచి, ఇతర దేశాల నుంచి జనం వచ్చినది అశ్వమేధ గుర్రాన్ని చూడడానికి కాదు. విహారాలకే వచ్చారు. ఆ అర్థంలో అది బౌద్ధనగరమే.

శాసనప్రియ
మీ వాదనలో బలం ఉంది. నేను "సగం" అన్నది "ముప్పాతిక"గా మార్చుకుంటాను, అంతకుమించి తగ్గలేను.

మాచర్ల_మనవడు
ఇంతసేపు చదివి ఊరుకున్నాను గాని ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. మునిగినది ఇక్ష్వాకుల ఊరు ఒక్కటే కాదు. మా అమ్మమ్మ పుట్టినది పుల్లారెడ్డిగూడెంలో, ఆ లోయలోనే. ఆమెకు స్తూపం అనే మాట తెలియదు, "దిబ్బ" అనేది. దిబ్బ మీద మేకలు మేపేవారు. తవ్వకాలు జరిగినప్పుడు వాళ్ళ నాన్న కూలికి వెళ్ళేవాడు. పలుగు వేయకూడదని, చిన్న పారతో మట్టి గీకాలని, బొమ్మ రాయి కనబడితే ముట్టుకోకుండా అరవాలని చెప్పేవారట. సాయంత్రం ఇంటికి వచ్చి ఈరోజు ఎన్నిసార్లు అరిచాడో లెక్క చెప్పేవాడట.

ఆ రాళ్ళకు అంకెలు వేసి, గుడ్డలు చుట్టి కొండ మీదికి ఎక్కించడం ఆమె చూసింది. ఆ తర్వాత వీళ్ళు కూడా సామాను బండికెత్తుకుని మాచర్ల వైపు వచ్చేశారు. "రాళ్ళకు కొండెక్కే యోగం ఉంది, మాకు లేకపోయింది" అని నవ్వుతూ అనేది, కోపంగా అన్నట్లు నాకు ఎప్పుడూ అనిపించలేదు. నేను పెద్దయ్యాక ఆమెను ఒకసారి లాంచీలో తీసుకువెళ్ళాను. దీవి మీద ఆమె ఏమీ చూడలేదు. లాంచీలో మాత్రం కుడి వైపు కూర్చుని నీటి వైపే చూస్తూ, కొండల వరుసను బట్టి లెక్క కట్టి, ఒకచోట "ఇక్కడ మా బావి" అన్నది.

ఆదివారం_ప్రయాణికుడు
మాచర్ల_మనవడు గారు, మీరు రాసినది ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా అబ్బాయి ఆ బావి ఎంత లోతులో ఉంటుందని అడుగుతున్నాడు.

మాచర్ల_మనవడు
జలాశయం నిండినప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగుల ఎత్తున ఉంటుంది. బావి నేల ఎత్తు నాకు తెలిస్తే తీసివేత చేసి చెప్పేవాడిని. అమ్మమ్మ ఉంటే "చాలా లోతు బాబూ" అనేది.

ఎడమగట్టు
ఈ విషాదం అంతా సరే గాని అంత గొప్ప నగరాన్ని ముంచడమే తప్పు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసేనాటికి అక్కడ ఏముందో లోకానికి తెలుసు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు శిథిలాల సంగతి బయటపెట్టాడు, ఆ మరుసటి ఏడాది నుంచి పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. మహాచైత్యంలో వెండి స్తూపం, దానిలో బంగారు భరిణె, దానిలో చిన్న ఎముక ముక్క దొరికాయి. బుద్ధుడిదిగా భావించే ఆ ధాతువు తర్వాత సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి చేరింది. ఇంత తెలిసీ ఆనకట్టకు వేరే చోటు చూడకపోవడం నాకు మింగుడుపడదు.

కుడికాలువ
ఎడమగట్టు గారు ఏ గట్టున ఉండి ఈ మాట రాశారో వారి పేరే చెబుతోంది, ఆ గట్టు కింద కాలువలో కూడా అదే నీరు పారుతుంది. మా నాన్నగారి చిన్నతనంలో మా పొలంలో జొన్న, సజ్జ తప్ప మరొకటి పండలేదు. వాన పడని ఏడు వలస పోయేవారు. కాలువ వచ్చాక వరి పండింది, నేను చదువుకున్నాను, ఇప్పుడు ఇక్కడ కూర్చుని చైత్యాల గురించి రాస్తున్నాను. చాంతిసిరికి నమస్కారమే, కాని ఆ లెక్కలో మా ఇంటి అన్నం కూడా వేయండి.

ఎడమగట్టు
అన్నం వద్దని నేను అనలేదు. తూచేటప్పుడు రెండో పళ్ళెంలో ఏముందో కూడా చెప్పమన్నాను. మాచర్ల మనవడి గారి బావి కూడా ఆ పళ్ళెంలోనే ఉంది.

లెక్కల_మాస్టారు
ఇద్దరి మాటా కాదనలేను గాని ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఈజిప్టులో అబూ సింబెల్ గుళ్ళను ముక్కలుగా కోసి పైకి చేర్చిన పని 1964లో మొదలైంది, దానికి ప్రపంచమంతా చందాలు వేసింది. మనవాళ్ళు లోయలో తవ్వి, కట్టడాలు విప్పి, కొండ మీద మళ్ళీ పేర్చే పని అంతకు చాలా ముందే మొదలుపెట్టారు. 1966 నాటికి దీవి మీద మ్యూజియం తెరిచారు. తర్వాత శ్రీశైలం ప్రాజెక్టులో మునగవలసిన కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి ఆలంపురంలో నిలబెట్టిన పనికి కూడా ఈ అనుభవం ముందున్నదే. ముంచిన తప్పు గురించి మాట్లాడేటప్పుడు మోసుకొచ్చినవారి కష్టాన్ని మరవకూడదు.

పులిహోర_డబ్బా
వాదన నీటి మట్టం 590 అడుగులు దాటుతోంది, గేట్లు ఎత్తవలసిన సమయం వచ్చింది. ప్రయాణికుడు గారు మళ్ళీ వెళ్ళాలా వద్దా, అది తేల్చండి.

నీటిగీత
వెళ్ళాలి. అయితే వేసవిలో వద్దు, శుక్రవారం అసలే వద్దు, ఆ రోజు మ్యూజియానికి సెలవు. ఒక రోజులో హైదరాబాదు నుంచి పోయి రావాలనే ఆశ కూడా వద్దు. ముందు రోజు సాయంత్రానికి చేరి అనుపు చూసుకుని, రాత్రి అక్కడే ఉండి, పొద్దున మొదటి లాంచీ పట్టుకోవాలి. దిగగానే తిరుగు లాంచీ ఎన్నింటికో, ఆ తర్వాతది ఎన్నింటికో కనుక్కుని రెండోదానికి రావాలి. మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఒకటి ఉంది, అందరూ దాన్ని ఆఖరున అలసిపోయాక చూస్తారు, మొదట చూడాలి. అది చూశాక బయటికి వచ్చి నీటి వైపు చూస్తే కోట ఎక్కడ, విహారాలు ఎక్కడ, రంగస్థలం ఎక్కడ అనేవి మీరే వేలితో చూపించగలరు.

శాసనప్రియ
నమూనా తర్వాత శిల్పాల గదుల్లో ఛాయాస్తంభాల దగ్గర ఆగండి. చనిపోయిన వారి జ్ఞాపకంగా నిలిపిన రాళ్ళవి. చాంతమూల మహారాజు చనిపోయాక ఆయన తల్లి, అక్కచెల్లెళ్ళు, రాణులు కలిసి నిలిపిన స్తంభం కూడా అదే కోవలోది. ఆ లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి మీద చెక్కడం ఎంత మెత్తగా ఉంటుందంటే, బట్ట మడతలు గాలికి కదులుతున్నట్లు అనిపిస్తాయి. బుద్ధుడి పెద్ద విగ్రహం దగ్గర అందరూ ఫొటో దిగుతారు, స్తంభాల దగ్గర ఎవరూ ఉండరు, ప్రశాంతంగా చూడవచ్చు.

ఆదివారం_ప్రయాణికుడు
రెండు నెలల తర్వాత ఈ చర్చలోకి మళ్ళీ వస్తున్నాను. పోయిన శనివారం బయలుదేరి, మాస్టారు చెప్పిన క్రమంలో, నీటిగీత గారు చెప్పిన వేళల్లో వెళ్ళి వచ్చాము. అనుపు మెట్ల మీద పై వరుసలో నేను, మా ఆవిడ కూర్చున్నాము. పిల్లలిద్దరూ కింద నిలబడి మా గురించి మెల్లగా మాట్లాడుకున్నది మొత్తం వినిపించింది. దాని వివరాలు ఇక్కడ రాయను.

దీవి మీద ముందుగా నమూనా చూశాము. మా అబ్బాయి దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగి, కోట ఉన్న చోటును, చుళధమ్మగిరిని చూసుకుని, తూర్పు సరిపోయిందని ఒప్పుకున్నాడు. మహాచైత్యం దగ్గర పట్టా, ఆకులు, కుంభి చెల్లెలికి వాడే చూపించాడు, ఈసారి ఎవరూ వాటి మీద కాలు పెట్టలేదు. పోయినసారి కాలు పెట్టినవాళ్ళను వాడు వేలెత్తి చూపించాడు, అందులో నేనూ ఉన్నాను. ఛాయాస్తంభాల దగ్గర నిజంగానే ఎవరూ లేరు.

ఒక ఫిర్యాదు మాత్రం మిగిలింది. చక్రాల దగ్గర ఉన్న బోర్డులు వెలిసిపోయి అక్షరాలు కూడబలుక్కోవలసి వస్తోంది. శాసనప్రియ గారు ఇక్కడ రాసిన ఆ ఎముకలగూడు మాట అక్కడ ఒక్క పంక్తి రాసి పెట్టినా చాలు.

తిరుగు లాంచీలో కుడి వైపు కూర్చున్నాము. మాచర్ల_మనవడు గారు, మీ అమ్మమ్మ గారు చూపించిన చోటుకు దగ్గరలో ఏ కొండ ఉందో చెప్పగలరా? మా వాడు దాదాపు పది చోట్ల "ఇక్కడే బావి" అన్నాడు.

మాచర్ల_మనవడు
వెళ్ళేటప్పుడు కుడి వైపు, ప్రయాణికుడు గారూ. వచ్చేటప్పుడు అది ఎడమ వైపు అవుతుంది.

ఆదివారం_ప్రయాణికుడు
అయితే మూడోసారి వెళ్ళాలి.